పొగ వాసన వదిలించిన నెల

పత్తి మంట ఆరిందంటే నమ్మకూడదండీ. పైన నీళ్లు పోసి హమ్మయ్య అనుకుంటాం, లోపల కుమ్ములా రాజుకుంటూనే ఉంటుంది. పర్చూరు దగ్గర మా పుట్టింట్లో మొన్న మాఘమాసంలో అదే జరిగింది. రేటు పెరుగుతుందని ముందు గదిలో పోసిన పత్తి, పక్కనే నాలుగు టిక్కీల మిర్చి. రాత్రిపూట వైరు కాలి అంటుకుంది. దేవుడి దయ, మనుషులకేం కాలేదు. పత్తినంతా వీధిలోకి లాగి, విడదీసి తడిపితే మూడో రోజుకు గానీ పొగ ఆగలేదు.

అసలు బాధ ఆ తర్వాత. దిష్టి తీసి నాలుగు మిరపకాయలు నిప్పుల్లో వేస్తేనే ఇల్లంతా దగ్గుతాం. (దిష్టి ఉంటే ఘాటు రాదంటారు లెండి.) అలాంటిది నాలుగు టిక్కీలు! 2008లో గుంటూరు మిర్చి యార్డు తగలబడిన సంగతి మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. దాని ముందు ఇది అగ్గిపుల్లంత. కానీ కాలింది మన ఇల్లు కదా.

పైగా అన్నయ్య కూతురికి ఏడో నెల. పురిటికి తీసుకురావాలి. "ఈ ఇంట్లో పసిగుడ్డును ఎలా పెట్టుకుంటాం" అని వదిన ఒకటే ఏడుపు. నేను నెల రోజులు అక్కడే ఉండిపోయాను.

అన్నయ్య ఆగలేక ముందు గదికి రంగు వేయించేశాడు. వారం తిరక్కుండానే ఆ రంగులోంచి పసుపు మరకలు తేలాయి, వెనకే వాసనా వచ్చింది. మసి అంటే ఉత్త బొగ్గుపొడి కాదు, జిడ్డు. అది తీయకుండా పైన ఏం పూసినా దాచడమే.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా స్విచ్చి ముట్టుకోలేదు. ఫ్యాన్లు కూడా తుడిచాకే తిప్పాం, లేకపోతే రెక్కల మీది మసి గదంతా రాలుతుంది. మూతికి మాస్కు కట్టుకుని ముందు పొడి గుడ్డతో, గట్టిగా రుద్దకుండా, పైకప్పు నుంచి కిందికి దులిపాం. మొదటే తడి గుడ్డ పెడితే మసి గోడలోకి ఇంకిపోతుంది. ఆ తర్వాత గోరువెచ్చని సబ్బునీళ్లు, మళ్లీ మంచినీళ్లు. ఇలా మూడుసార్లు. ఆరాక సున్నం రెండు పూతలు. రంగు మీద సున్నం నిలవదు కాబట్టి ముందు గది గీకించాల్సి వచ్చింది.

బట్టలు రెండేసి సార్లు ఉతికి, జాడించే నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి ఎండలో వేశాం. పరుపులకు మాత్రం ఏం చేసినా పోలేదు. పత్తి పండించే ఇంట్లో పత్తి పరుపులు పారేయడానికి వదినకు చేతులు రాలేదు. గుడ్డ వాసెన కట్టిన పచ్చడి జాడీలూ పోయాయి. అమ్మ పెట్టిన పండుమిరప పచ్చడి కూడా.

ఆవిడతోనే పెద్ద పేచీ. "సాంబ్రాణి వేస్తే అదే పోతుందే" అంటుంది. "పొగ వాసనకు మళ్లీ పొగేంటమ్మా, పుట్టబోయే బిడ్డకు అసలే మంచిది కాదు" అన్నాను. "మీ ఇద్దర్నీ ఆ పొగలోనే పెంచాను" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ తగ్గలేదు. తలుపులు, కిటికీలు తీసిపెట్టి, గిన్నెల్లో వంటసోడా, బొగ్గు ముక్కలు పోసి మూలమూలనా పెట్టాను.

అదే ఇంట్లో ఉంటే మన ముక్కు వాసనకు అలవాటుపడిపోతుంది. అందుకే పాలు తెచ్చే ఆవిడను రోజూ లోపలికి పిలిచి అడిగేవాళ్లం. "ఇవాళ లేదమ్మా" అన్న రోజున వదిన కాఫీ ఇచ్చి పంపింది.

ఫాల్గుణం చివర్లో పిల్ల వచ్చింది. ఇల్లంతా తిరిగి, బీరువా తలుపు తీసి, "ఇందులో ఇంకా ఉందత్తా" అంది. ఆ చీరలన్నీ మళ్లీ తీసి నానబెట్టాం.