ఆధారాలు: అడ్డం, నిలువు

ఈ వారం ఒక చిన్న చిక్కుతో మొదలుపెడదాం. పెన్ను తీయండి.

"జీతానికి మొదలు, దాడికి చివర. చేతులు కాల్చే పంట (2)."

చివర ఉన్న 2 అంటే జవాబు రెండక్షరాల మాట అని. జీతంలో మొదటి అక్షరం జీ. దాడిలో చివరి అక్షరం డి. కలిపితే జీడి. పిక్క పెంకులో ఉండే నూనె తగిలితే చర్మం కాలుతుంది. పలాస జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళని అడగండి, చేతులు చాపి చూపిస్తారు. మా అమ్మ కూడా అలాగే చూపించేది.

దినపత్రికల్లో నల్లగళ్ళూ తెల్లగళ్ళూ మీరందరూ చూసే ఉంటారు. శ్రీశ్రీ దీన్ని పదబంధ ప్రహేళిక అన్నాడు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నాడు. పక్కన అడ్డం, నిలువు అని రెండు జాబితాలుంటాయి. వాటిలో ఇచ్చే సూచనల్ని తెలుగులో "ఆధారాలు" అంటారు. ఆ మాట నాకు చాలా ఇష్టం. కుల ధ్రువపత్రం కోసం ఆఫీసుకెళ్తే మనల్ని మొదట అడిగేది అదే కదా!

మామూలు ఆధారం సూటిగా అర్థం అడుగుతుంది. మెలిక ఆధారంలో రెండు ముక్కలుంటాయి. ఒక ముక్క అర్థం చెబుతుంది, రెండోది అక్షరాలు ఎలా పేర్చాలో చెబుతుంది. రెండూ కలిసి మూడో సంగతేదో మాట్లాడుతున్నట్టు నటిస్తాయి. పైన చదివినప్పుడు మీకు జీతం, దాడి కనిపించాయి. లోపల ఉన్నది జీడి.

నేను టెక్కలిలో ఇంటర్ చదివేటప్పుడు వీటి వెంట పడ్డాను. పలాస నుంచి విశాఖ వెళ్ళే పాసింజర్లో పక్కవాళ్ళ పేపరు అడిగి తీసుకుని గళ్ళు నింపేదాన్ని. సగం దగ్గర ఆగిపోయేదాన్ని. ఇంద్రుడి ఏనుగు, విష్ణువు శంఖం, తామరకి నాలుగు సంస్కృతం పేర్లు. ఇవన్నీ అందరి ఇళ్ళలోనూ చెప్పుకునే మాటలే అన్నట్టు అడిగేవారు. మా ఇంట్లో చెప్పుకునే మాటలు వేరు. పిక్క, బద్ద, గుండు, కంబారి. ఇవి ఏ గడిలోనూ కనిపించేవి కావు. మన జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పక్కనే పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడాడు. వాడుక భాష బడిలోకి వచ్చింది. ఎవరి వాడుక అన్న ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉంది.

అయినా మెలిక విప్పడం నాకు తొందరగానే వచ్చింది. ఎందుకో తర్వాత అర్థమైంది. పైకి ఒకటి, లోపల ఒకటి ఉండే మాటల్ని మనం పుట్టినప్పటి నుంచీ వింటున్నాం.

విశాఖలో నేనూ నా స్నేహితురాలూ అద్దె గది కోసం తిరుగుతున్నాం. ఒక ఇంటాయన చాలా మర్యాదగా కూర్చోబెట్టాడు.

"ఏ ఊరమ్మా?"

"పలాస దగ్గరండి."

"దగ్గరంటే? ఊళ్ళో ఏ వైపు?"

చెప్పాం.

"ఇంటిపేరేంటి? నాన్నగారు ఏం చేస్తారు? నాన్‌వెజ్ వండుతారా?"

అన్నీ చెప్పాం. మంచినీళ్ళు ఇచ్చాడు. "మా తమ్ముడి కూతురు వస్తానంటోంది, కనుక్కుని చెప్తానమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఫోనూ లేదు, కబురూ లేదు.

ఇప్పుడు విప్పండి. ఊరు, వీధి, ఇంటిపేరు, నాన్న పని, వంట. ఐదు ఆధారాలు, ఒక్కటే జవాబు. రెండక్షరాలు. ఆ జవాబుకి ఇంకో ఆధారం నేనే రాశాను: "గురుకులంలోనూ ఉంది, వ్యాకులంలోనూ ఉంది (2)." రెండు మాటల్లోనూ చివరి రెండక్షరాలు చూడండి. కులం. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ దీన్ని వివరించే పని లేదు.

ఇంకొకటి. "ఒకటి గుడిలోకి వెళ్తుంది, ఒకటి గుమ్మం దగ్గర ఆగుతుంది. రాత ఒకటే (2)." ఇక్కడ అక్షరాల పేర్పు లేదు, ఒకే మాటకి రెండు అర్థాలు. మాల. దేవుడి మెడలో వేసేదీ అదే, నా కులం పేరూ అదే.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ ఈ ఆట మొదలుపెట్టాడు. ఇంగ్లండు వెళ్ళాక దానికి మెలికలు వచ్చాయి. అక్కడ పేరుమోసిన కూర్పరులు టోర్కెమాడా, జిమెనెస్ అని మారుపేర్లు పెట్టుకున్నారు. రెండూ స్పెయిన్ మత విచారణాధికారుల పేర్లే, జనాన్ని వణికించిన పేర్లు. అలాంటి పేరు పెట్టుకున్న జిమెనెస్సే 1966లో పుస్తకం రాసి, ఆటకి న్యాయసూత్రాలు గట్టిగా నిలబెట్టాడు. వాటి సారం ఇది: కూర్పరి నిన్ను ఎంతైనా తప్పుదారి పట్టించవచ్చు. కానీ జవాబుకి చేరే దారి ఆధారంలోనే ఉండాలి. జవాబు చూశాక "నిజమే, అంతా ఇందులోనే ఉంది" అని నువ్వు ఒప్పుకోగలగాలి.

హింసించేవాడి పేరు పెట్టుకున్నవాడు కూడా ఆ మాత్రం న్యాయం పాటించాడు. ఇంటాయన పాటించాడా? విశ్వవిద్యాలయాల్లో రిజర్వు పోస్టుకి ఇంటర్వ్యూ చేసి, చివరికి "నాట్ ఫౌండ్ సూటబుల్" అని మూడు ముక్కలు రాసేవాళ్ళు పాటిస్తున్నారా? ఏ ప్రశ్నకి ఎన్ని మార్కులు, ఎక్కడ తగ్గాం, ఎవరితో పోల్చారు? ఏదీ ఉండదు. జవాబు ఉంది, ఆధారం లేదు. అది చిక్కుముడి కాదు, మూసిన తలుపు. కాబట్టి "నువ్వు విప్పలేకపోయావు" అని ఎవరన్నా అంటే తలదించుకోకండి. ఆధారాలు చూపించమనండి. రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. అడిగిన ప్రతిసారీ జవాబు రాకపోవచ్చు. అడిగినట్టు మాత్రం కాగితం మీద ఉంటుంది.

రెండో పని, మన ఆధారాలు మనమే రాద్దాం. చట్టం మాట వచ్చింది కాబట్టి నాది ఒకటి: "ఇంగ్లీషు చట్టాన్ని కడుపులో పెట్టుకున్న పస, మన ఊరే (3)." పస మధ్యలో లా. పలాస. మీ హాస్టల్లో సాయంత్రం పదిమంది కూర్చుని ఇలాంటివి కట్టండి. పురాణాలు తెలియనక్కర్లేదు. మీ అమ్మ మాటలు తెలిస్తే చాలు. తెలుగులో గళ్ళు ఖాళీగానే ఉన్నాయి.

ఉద్దానంలో ఇంకా విప్పని చిక్కు ఒకటుంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్ళలో కిడ్నీలు పాడై మనుషులు రాలిపోతున్నారు. ఇన్నేళ్ళుగా పరీక్షలు చేస్తున్నా కారణం ఇదీ అని తేలలేదు. కొబ్బరి తోటల్లో ఎండకి పనిచేసే కూలీలకి ఈ ఆట ఆటలా ఉండదు. వాళ్ళు మొదట అనుమానించిన దాని మీదే ఈ వారం మీకు ఇస్తున్న ఆధారం. జవాబు నేను చెప్పను.

"నీతికి మొదట, ఊరుకి చివర. ఉద్దానం భయపడుతూ తాగేది (2)."

జై భీమ్.