ఆటోనగరులో పాత ఫార్గో

విజయవాడ వెళ్ళినవాళ్ళు దుర్గమ్మను దర్శించుకుంటారు, ప్రకాశం బారేజీ మీద కాసేపు గాలి పీలుస్తారు, బీసెంటు రోడ్డులో చీరలు బేరమాడి రైలెక్కుతారు. బెంజి సర్కిలు దాటి తూర్పుగా వెళితే జవహర్ ఆటోనగరని ఇంకో లోకం ఉంది. అక్కడికి చుట్టపుచూపుగా ఎవరూ వెళ్ళరు. లారీకి జబ్బు చేస్తేనే వెళతారు. ఒకచోట రేడియేటర్లు, ఒకచోట కమాను కట్టలు, మరోచోట చెక్క బాడీలకు రంగులు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా సుత్తి చప్పుడే.

మా మిత్రుడొకాయన తాతగారి నాటి ఫార్గో లారీని అక్కడ బాగు చేయిస్తున్నాడు. ఒకప్పుడు నూజివీడు మామిడికాయలు మోసిన బండి. ఫార్గో అనేది అమెరికా క్రైస్లర్ కంపెనీ లారీలకు పెట్టిన పేరు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వారు వీటిని బిగించి అమ్మేవారు. ఇంజను పని అయింది, రంగూ పడింది. ఇక మిగిలింది బ్రేకు గొట్టాలు. తల్లినీ పిల్లల్నీ ఎక్కించుకుని ఈ బండి మీదే శ్రీశైలం వెళ్ళిరావాలని ఆయన మొక్కు. దోర్నాల దాటాక ఆ నల్లమల ఘాటు మలుపులు ఎరిగినవాళ్ళకు నా దిగులు వేరే చెప్పక్కర్లేదు.

గొట్టాలంటే ఏమంత భాగ్యమనుకున్నాను. పెడలు తొక్కితే మాస్టరు సిలిండరులోని ఆయిలు మీద ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడి నాలుగు చక్రాలకూ చేరి బ్రేకులు పట్టుకుంటాయి. 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే ఇది. క్రైస్లర్ 1924లో తన మొదటి కారుకే నాలుగు చక్రాలకూ ఆయిలు బ్రేకులు పెట్టాడు. ఇప్పటి పెద్ద లారీలకు గాలి బ్రేకులు, కార్లకు రెండు వేరువేరు ఆయిలు దారులు. ఈ పాతబండికి ఉన్నది ఒక్కటే దారి. ఎక్కడ చిల్లి పడినా నాలుగు చక్రాలూ ఒక్కసారే చేతులెత్తేస్తాయి.

మా వాడు అమెరికా నుంచి తెప్పించిన పుస్తకం తెచ్చి బొమ్మ చూపించాడు. అందులో స్టీరింగు ఎడమవైపు, గొట్టమూ ఎడమ ఛాసీ వెంటే. మన బండికి స్టీరింగూ, మాస్టరు సిలిండరూ కుడివైపు.

"అద్దంలో చూసినట్టు తిప్పి వేసేస్తే సరి కదండీ, మేస్త్రీగారూ?" అన్నాడు.

"సైలెన్సరు గొట్టం ఏవైపుందో చూశారా బాబూ?" అన్నారు మేస్త్రీ.

అదీ కుడివైపే. ఇదివరకెవరో సరిగ్గా అలాగే తిప్పి వేశారు. విప్పి పడేసిన పాత గొట్టం ఒక పక్క మాడి నల్లబడి ఉంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదు. తేమ పట్టాక కనీస హద్దు 140కి దిగుతుంది. మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరి తొక్కితే అణిగిపోతుంది, పెడలు అడుగంటుతుంది. ఘాటు దిగేటప్పుడు డ్రమ్ముల వేడి ఎలాగూ తప్పదు, సైలెన్సరు వేడి కూడా దానికి తోడు చేయడమెందుకు?

మేస్త్రీగారు ముందు ఒక లావుపాటి ఇనుప తీగ తీసుకుని ఛాసీ కింద దూరారు. ముందున్న అడ్డుపట్టీ వెంట కుడి నుంచి ఎడమకు తీగ దాటించి, ఎడమ ఛాసీ లోపలి వైపుగా వెనకదాకా పోనిచ్చారు. రాళ్ళు ఎగిరిపడినా తగలవు. అరపూట ఆ తీగతోనే సరిపోయింది. దర్జీ కాగితం కత్తిరించినట్టు, ఆ వంపుల ప్రకారమే అసలు గొట్టం వంచుతారట.

"రాగిదైతే తేలిగ్గా వంగుతుంది, మెరుస్తుంది కూడాను" అన్నాడు మావాడు.

"ఆ మెరుపు చూసేదెవరండీ? కింద దూరేది నేనొక్కణ్ణే గదా! రాగి అదిరి అదిరి బిరుసెక్కి పగులుతుంది" అని ఉక్కు గొట్టమే తీశారు.

నట్టు ముందుగా ఎక్కించాలి, ఆ తరువాతే గొట్టం మూతిని రెండు మడతలుగా విచ్చాలి. మూతి విచ్చాక నట్టు ఎక్కదు. కుర్రవాడు ఒకటి మరచిపోతే మాట్లాడకుండా మూతి కోయించి మళ్ళీ చేయించారు. పట్టీకి రంధ్రమున్న చోటల్లా రబ్బరు తొడుగు, అడుగడుక్కీ ఒక క్లిప్పు. వెనక ఇరుసు కమానుల మీద పైకీ కిందికీ ఊగుతుంది కనుక అక్కడ ఉక్కు పనికిరాదు, రబ్బరు హోసు ఉండాలి. జాకీతో ఛాసీ ఎత్తి, ఇరుసు పూర్తిగా వేలాడినప్పుడు కూడా హోసు బిగుసుకోలేదని చూసిగాని ఒప్పుకోలేదు.

సాయంత్రం గాలి తీశారు. అన్నిటికన్నా దూరపు చక్రంతో మొదలు. కుర్రవాడు పెడలు తొక్కుతుంటే, సీసాలో ముంచిన సన్న గొట్టం నుంచి బుడగలు వచ్చి వచ్చి ఆగాయి. పెడలు రాయిలా నిలిచింది. కీళ్ళన్నిటి కిందా పాత వార్తాపత్రికలు పరిచి ఇళ్ళకు వెళ్ళాం. మర్నాడు ఒక కాగితం మీద రూపాయంత తడి మరక. ఆ నట్టు విప్పి, మూతి మళ్ళీ విచ్చి బిగించారు. మరో రాత్రి కాగితాలు పొడిగా ఉన్నాయి.

మావాడు సంతోషం పట్టలేక శ్రీశైలం ప్రయాణానికి తేదీ చెప్పబోయాడు.

"ముందు నూజివీడు వెళ్ళిరండి బాబూ, ఒట్టి బండితో. వచ్చాక మళ్ళీ ఒకసారి కింద దూరతాను" అన్నారు మేస్త్రీగారు, చేతులు తుడుచుకుంటూ.