మహేంద్రగిరికి... మూట భుజానేసుకుని!

శివరాత్రి రోజు. ఇంకా తెల్లారలేదు. మందస దాటి కొండల్లోకి వెళ్లే దారిలో టార్చిలైట్ల వెలుగులు... వాటి వెనకే పాతికమందిదాకా మనుషులు. కాలేజీ కుర్రాళ్లు, పలాస జీడిపప్పు మిల్లుల్లో పనిచేసేవాళ్లు, పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి వచ్చిన ఆడవాళ్లు, ఓ రిటైర్డు మాస్టారు. వీపున సంచీలు. ఉపవాసం ఉన్నవాళ్ల సంచీలో అరటిపళ్లు, ఉడికించిన చిలగడదుంపలు. లేనివాళ్ల సంచీలో పులిహోర, అటుకులు, మందస కోవా. దుప్పటి, నీళ్లు మాత్రం అందరి దగ్గరా ఉండాల్సిందే. ఎందుకంటే వాళ్లు వెళ్లేది 1501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరికి!

శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. కొండ వరసలు మాత్రం శ్రీకాకుళం జిల్లాలోకీ దిగుతాయి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ రెండువైపులూ గంజాం జిల్లానే. అందుకే ఇక్కడివాళ్లకి అది పక్క రాష్ట్రం కొండ కాదు... మన కొండే.

'ఆ మలుపు తిరిగితే...'

మొదట జీడితోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ ప్రాంతంలో తోటల్ని నేలమట్టం చేసింది. మళ్లీ నాటిన మొక్కలిప్పుడు నిలదొక్కుకుంటున్నాయి. తోటలు దాటితే అడవి, రాళ్లదారి. గంట నడిచేసరికి కబుర్లు ఆగిపోతాయి. రెండు గంటలకి సంచీ బరువు తెలుస్తుంది.

'ఇంకెంత దూరం బాబూ?' దారి చూపిస్తున్న సవర యువకుణ్ని మాస్టారు అడిగారు.

'ఎంతో నేదు మాస్టారూ... ఆ మలుపు తిరిగితే వచ్చీసినట్టే!'

అలాంటి మలుపులు ఏడెనిమిది తిరిగాక ఇక అడగడం మానేశారాయన. మోకాలు పట్టేసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక కుర్రాడు ఆయన సంచీ తీసుకుని ముందువైపు తగిలించుకున్నాడు. ఇంకొకడు కర్ర విరిచి చేతికిచ్చాడు. అందరి నడకా ఆయన నడకకి సరిపోయేలా తగ్గింది.

దారి పక్కన వాలుల్లో రాళ్లు పేర్చి కట్టిన మడిచెక్కలు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. సవరల చేతి పని అది. వాళ్ల భాష నేర్చుకోవడానికే పర్లాకిమిడి చుట్టుపక్కల కొండపల్లెలు తిరిగారు గిడుగు రామమూర్తి. ఆ తిరుగుళ్లలో మలేరియా వచ్చింది. వాడిన క్వినైనుతో వినికిడి దెబ్బతింది. అయినా సవర వ్యాకరణం, నిఘంటువు పూర్తిచేశారు.

భీముడు పైన, కుంతి కింద

పొద్దు వాలేవేళకి చెట్లు పలచబడి గడ్డిమైదానం మొదలవుతుంది. చలిగాలి కొడుతుంది. కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పిలిచే పాతకాలపు రాతి గుడులు ఒక్కొక్కటే కనిపిస్తాయి. భీముడి గుడి అన్నిటికంటే పైన, శిఖరం దగ్గర. చిన్నదే కానీ దాని రాళ్లు చూస్తే ఆ పేరెందుకొచ్చిందో తెలుస్తుంది. పరశురాముడు తపస్సు చేసింది ఇక్కడేనని పురాణాలు చెబుతాయి. ముఖలింగం రాజధానిగా ఏలిన తూర్పు గంగరాజులు తమ శాసనాల్లో మొదట తలచుకున్నది ఈ కొండమీది గోకర్ణస్వామినే. చోళరాజు రాజేంద్రుడి విజయాన్ని చెప్పే శాసనం కూడా ఇక్కడుంది.

ఆకాశం తేటగా ఉంటే తూర్పున బంగాళాఖాతం సన్నని గీతలా కనిపిస్తుంది. మాస్టారు అందరికంటే చివర ఎక్కారు. అందరికంటే ఎక్కువసేపు అటే చూస్తూ నిలబడ్డారు.

దిగేటప్పుడూ బరువే!

రాత్రంతా దీపాలు, భజనలు, జాగారం. తెల్లారాక కనిపిస్తుంది అసలు సంగతి... గడ్డిమీద ప్లాస్టిక్ సీసాలు, కవర్లు, విస్తళ్లు. ఒడిశా ప్రభుత్వం 2022లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన కొండ ఇది. వెయ్యికి పైగా రకాల మొక్కలకు నెలవు. ఈ కొండల్లోనే మహేంద్రతనయ పుడుతుంది. మందస, సోంపేట వైపు పొలాలు తడిపి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైన పారేసింది వానాకాలంలో కొట్టుకొచ్చేది కింద మన ఊళ్లకే!

మాస్టారు తన ఖాళీ సంచీ విప్పి సీసాలు ఏరడం మొదలుపెట్టారు. కాసేపటికి కుర్రాళ్లూ వంగారు. ఎక్కేటప్పుడు తిండితో నిండిన సంచీలు దిగేటప్పుడు చెత్తతో నిండాయి. 'ఇంకెంత దూరం మాస్టారూ?' ఈసారి అడిగింది కుర్రాళ్లే.

'ఎంతో లేదురా... ఆ మలుపు తిరిగితే వచ్చేసినట్టే!'

ఎలా వెళ్లాలి?

హౌరా-చెన్నై రైలు మార్గంలో పలాస స్టేషన్లో దిగి రోడ్డు మీదుగా మందస చేరుకోవచ్చు. చిన్న స్టేషన్ మందస రోడ్ కూడా దగ్గరే. నడవలేనివాళ్లు పర్లాకిమిడి వైపు నుంచి వాహనాల్లో వెళ్లొచ్చు. అటవీ ప్రాంతం కాబట్టి అటవీ సిబ్బందికి చెప్పి, స్థానికుల్ని తోడు తీసుకుని వెళ్లాలి. వానల్లో రాళ్లు జారతాయి. శీతాకాలం నుంచి శివరాత్రి దాకా నడకకు అనువైన సమయం. సంచీలో ఇంకో ఖాళీ సంచీ పెట్టుకోవడం మాత్రం మరచిపోవద్దు.