ఆకాశమిచ్చునది

మనుష్యుడు ఎచ్చట క్రొత్తగా ఊరు కట్టదలచినను అతనికి మొదట కావలసినవి నీరు, నిప్పు, గాలి. ఈ సత్యమును వినోదముగా తెలుపు కంప్యూటర్ ఆట యొకటి కలదు. కెనడా దేశమున వాంకూవర్ నగరమందలి క్లే సంస్థ దానిని నిర్మించినది. ఆట పేరు 'ఆక్సిజన్ నాట్ ఇన్‌క్లూడెడ్'. ప్రాణవాయువు ఇందులో చేరలేదని దాని భావము.

ఒక గ్రహశకలపు గర్భమున చిక్కుకొన్న కొందరిని బ్రతికించుటయే ఆటగాని పని. వారు రాతిని తొలిచి గదులు కట్టుదురు. బొగ్గును కాల్చి విద్యుత్తు పుట్టింతురు. ఆ విద్యుత్తుతో నీటిని విడగొట్టి ప్రాణవాయువును పొందుదురు. కాని కాల్చినకొలది బొగ్గు తరుగును; వేడిమియు బొగ్గుపులుసు వాయువును పెరుగును.

2017లో ఈ ఆట తొలిరూపమున వెలువడెను. 2019 జూలైలో అది సంపూర్ణరూపము దాల్చులోపల నిర్మాతలు దానికి గ్రహశకలపు ఉపరితలమును, సూర్యరశ్మినుండి విద్యుత్తు నొసగు ఫలకములను చేర్చిరి. పైకి త్రవ్వుకొని పోయినవారికి వెలుగు ఉచితముగా దొరకును. అయితే అచ్చట గాలి లేదు. ఉల్కలు వానవలె కురిసి ఫలకములను పగులగొట్టును. వాటి ధూళి గుట్టలుగా పేరుకొని వెలుగు నడ్డగించును. రాత్రి యైనచో విద్యుత్తు నిలిచిపోవును. కావున ఆటగాడు ఉల్కలకు ఓర్చు ఉక్కు తలుపులు పెట్టవలెను; ధూళిని ఎత్తిపోయవలెను; పగటి విద్యుత్తును బ్యాటరీలలో దాచవలెను. దాచినదానిలోను కొంత ఊరక కారిపోవుచుండును.

ఇది కేవలము కల్పన కాదు. 2023 ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువమునకు చేరువలో దిగిన చంద్రయాన్-3 యొక్క విక్రమ్, ప్రజ్ఞాన్‌లు సూర్యకాంతితోనే పనిచేసినవి. చంద్రునిపై ఒక పగలు మనకు సుమారు 14 దినములు, రాత్రియు అంతియే. ఒక్క పగటికై నిర్మింపబడిన ఆ యంత్రములు తమ పని ముగించి, చీకటి పడకమునుపే నిద్రపుచ్చబడినవి. మరల తెల్లవారిన పిదప శాస్త్రజ్ఞులు పిలిచినను అవి పలుకలేదు. మనుష్యులు అచ్చట నివసింపవలెనన్నచో ముందుగా ఆ రాత్రిని దాటు ఉపాయము కావలెను.

ఇట్టి చిక్కు హనుమకొండ సీమకు క్రొత్తది కాదు. 1163లో కాకతి రుద్రదేవుడు ఇచ్చట కట్టించిన వేయిస్తంభముల గుడిలో శివకేశవులతోపాటు సూర్యునకును స్థానమొసగబడెను. సూర్యుని కొలిచిన ఆ జనులకు ఎండకు కొదువ లేదు; కొదువ యెల్ల నీటికే. ఏటి వాన కొలది నెలలలోనే కురిసిపోవును. కావున కాకతీయులును, వారి సామంతులును ఈ ప్రాంతమున చెరువులు కట్టించిరి. కట్ట నీటిని నిలుపును. తూము అవసరమైనంత విడుచును. అలుగు ఎక్కువైనదానిని పోనిచ్చును. విద్యుత్తునకు బ్యాటరీ యెట్టిదో వానకు చెరువట్టిది. పూడిక తీయని చెరువు మాత్రము ఏటేట చిన్నదగును. అందుచేతనే 2015లో తెలంగాణ ప్రభుత్వము 'మిషన్ కాకతీయ' పేర పాత చెరువుల పూడిక తీయింప పూనుకొనెను.

బొగ్గునకు పేరుపొందిన రామగుండమున 2022 జూలై నాటికి ఎన్.టి.పి.సి. వారి 100 మెగావాట్ల సౌరకేంద్రము సిద్ధమయ్యెను. బొగ్గు కేంద్రపు జలాశయముపైననే దాని ఫలకములు తేలుచున్నవి. అయినను ప్రొద్దు క్రుంకగానే అవి విశ్రమించును. దీపములకు మరియొక ఆధారము వెదకవలసినదే.

ఆకాశము వాననైనను ఎండనైనను వెల యడుగక ఇచ్చును. దానిని రేపటివరకు నిలుపుటకు మాత్రము మనుష్యుడే శ్రమింపవలెను. ఆటలో ఊరు నశించినచో మరల మొదలుపెట్టవచ్చును. నిజమైన ఊరికి ఆ సౌకర్యము లేదు. కనుకనే ఊరు కట్టువారు పగటి వెలుగును చూచి మురియుటకు ముందు, రాత్రికి ఏమి దాచితిమని తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను.