గోదావరి యొడ్డున మా యూరు



నా పుట్టినిల్లు కోరుట్ల. మెట్టినిల్లు గోదావరి దక్షిణతీరమందలి కోటిలింగాల. నేడిది జగిత్యాల జిల్లాలోనిది. జగిత్యాలనుండి ధర్మపురిమీదుగా రాయపట్నము చేరి, యచటినుండి నది పాఱుదిక్కునకు బోయినచో, పెద్దవాగు గోదావరిలో గలియుచోట మా యూరు గానవచ్చును. శివాలయమును, దాని చేరువ మట్టిదిబ్బలును మా యూరి గుఱుతులు.

ముప్పదియైదేండ్ల క్రిందట నేను కాపురమునకు వచ్చినయేట, ఒకనాటి రాత్రియెల్ల వాన కురిసి తెల్లవారుసరికి వెలిసెను. మా యత్తగారు నన్ను వెంటబెట్టుకొని పుల్లలకై దిబ్బమీదికి బోయిరి. త్రోవపొడవున నెఱ్ఱని పెంకులు, వెడల్పాటి యిటుకముక్కలు, పూసలు కడిగిపెట్టినట్లుండెను. వానినడుమ చిలుముపట్టిన రాగిబిళ్లలు మూడు నాకు దొరకినవి.

"అత్తమ్మా, ఇవేంటివి?" అంటిని.

"పాత పైసలు బిడ్డా. వాన పడ్డప్పుడల్లా తేల్తయి. మనకేం అక్కరకొస్తయి?" అనిరి.

నేనును నట్లే తలచితిని. వారము తిరుగకమున్నే పాతసామాను కొనువాడు వీధిలోనికి వచ్చెను. చిల్లిపడిన రాగిచెంబుతో బాటు వానినిగూడ తూచియిచ్చి, యొక గరిటె తీసికొంటిని.

కొన్నియేండ్లకు మా యమ్మాయి కళాశాల పుస్తకము చదువుచు, "అమ్మా, మన ఊరి పేరు ఇండ్ల ఉన్నది!" అని కేకవేసినది. అప్పుడుగదా నాకు సంగతి తెలిసినది! 1979 మొదలు కొన్నియేండ్లు పురావస్తుశాఖవారు మా దిబ్బలను త్రవ్వించి యిటుకగోడలను, బావులను వెలికిదీసిరట. ఇచ్చటి నాణెములను డాక్టరు పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు పరిశీలించి లోకమునకు దెలిపిరి. శాతవాహన వంశమునకు మూలపురుషుడైన సిముకుని పేరుగల నాణెములు వానిలో నున్నవి. అంతకన్న విశేషము, గోబద, నారన, సమగోప మున్నగు పేర్లుగల నాణెములును దొరకుట. శాతవాహనులకు ముందే యీ యొడ్డున నాణెములు వేయించిన పాలకులుండిరని పండితులు దీనినిబట్టి నిర్ణయించిరి.

నాణెముమీది పేరొక్కటే చాలదు. అది యేయూర, నేదిబ్బలో, వేనితో గలిసి దొరకెనో తెలిసినప్పుడే చరిత్ర చెప్పును. త్రాసులో బడినపిమ్మట వట్టి రాగియే. నేనిచ్చిన మూడింటిమీద నేమి యుండెనో యిక నెవ్వరును జెప్పజాలరు.

తొలి శాతవాహనుల సంగతులు తెలుపువానిలో ముఖ్యమైనది మహారాష్ట్రమందలి నానేఘాట్ గుహాశాసనము. దానిని వేయించినది నాగనిక యను రాణి యని పండితులనేకులు చెప్పుదురు. ఆ తల్లి తన యింటివారి పేరును ఱాతిమీద నిలిపినది. నేను చేతికందినదానిని గరిటెకు మార్చితిని!

ఇప్పుడు దిగువ యెల్లంపల్లికడ శ్రీపాదసాగరము గట్టుటచే నీరు మా యూరివఱకు నిలుచుచున్నది. నాడు వేసవిలో నే నడచిన యిసుకతిన్నెలు నేడు కానరావు. పొలములకు, పట్టణములకు నీరు వలయును, కాదనను. కాని నీటమునిగిన నేలను వాన కడిగి చూపదుగదా!

కావున సోదరీమణులారా, మీ పెరటనో పొలముననో పాతనాణెమో, పూసయో, వ్రాతగల పెంకో దొరకినచో చింతపండుతో తోమకుడు, తూకమున కీయకుడు. దొరకినచోటును, దినమును కాగితముపై వ్రాసి ప్రభుత్వమువారికి దెలిపి యప్పగింపుడు. ఇల్లు ఊడ్చునప్పుడును, మడిలో కలుపుతీయునప్పుడును మన్ను మొదట మన చేతులలోనికే వచ్చును.

మొన్న నా కోడలు ఆ గరిటె చేతబట్టుకొని, "దీని కాడ వదులైంది అత్తమ్మా, పాతసామానుల ఇయ్యాల్నా?" అని యడిగినది. వలదని చెప్పి, యెదుట కూర్చుండబెట్టుకొని యీ కథయంతయు వినిపించితిని.