చడిదా ముఖాలు

కుండ కొనాలన్నా వేలితో తట్టి చూసి కొనే వాళ్ళం మనం. ఇప్పుడు ఫోనులో బొమ్మ చూసి, డబ్బు కట్టి, వస్తువు ఇంటికి వచ్చేదాకా ఎదురుచూస్తున్నాం. మిగిలిన వస్తువుల సంగతి ఎలా వున్నా, ఛౌ నాట్యంలో కట్టుకునే మాస్కు అలా కొనదలచిన వారు ముందుగా చడిదా గ్రామం గురించి కొంచెం తెలుసుకోవడం మంచిది.

పశ్చిమ బెంగాల్లోని పురూలియాలో రైలు దిగి బస్సులో వెళితే, అయోధ్య కొండల పాదాన వస్తుంది ఈ ఊరు. ఇది రాములవారి అయోధ్య కాదు సుమండీ! వీధి పొడవునా ముఖాలే. ఒక అరుగు మీద మహిషాసురుడు ఎండలో ఆరుతుంటాడు; పక్క అరుగు మీద వినాయకుడు రంగుకోసం కాచుకుని వుంటాడు. ఈ పని ఎక్కువగా సూత్రధార్ కుటుంబాలది. ఛౌ నాట్యాన్ని యునెస్కో 2010లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. పురూలియా ముఖాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ముందు మట్టితో అచ్చు చేస్తారు. దానిమీద బూడిద చల్లి, జిగురులో తడిపిన కాగితం పొరమీద పొరగా అంటిస్తారు. మెత్తని మట్టితో కనుబొమలు, ముక్కు, పెదవులు తీర్చి, మట్టీ గుడ్డా కలిపి పూత వేస్తారు. చెక్క పనిముట్టుతో నునుపుచేసి, ఎండబెట్టి, అచ్చునుంచి ఊడదీస్తారు. కళ్ళకూ ముక్కుకూ రంధ్రాలు తొలిచి, రంగులు వేసి, జరీతో, పూసలతో, ఈకలతో కిరీటం కడతారు.

కనుక అమ్మేవారు ముందువైపు ఫొటోలు ఎన్ని పెట్టినా, వెనుకవైపు ఫొటో ఒకటి అడగండి. కాగితం పొరలు అక్కడ దాగవు. ప్లాస్టిక్కయితే అదీ అక్కడే బయటపడుతుంది. ఆటలో కట్టిన ముఖమని చెబితే, కళ్ళకు రంధ్రాలున్నాయా, తాడు కట్టే చోటుందా, మనిషి తలకు పట్టే కొలతేనా అని చూడండి. దాన్ని కట్టుకుని నర్తకుడు గాలిలోకి ఎగిరి మోకాళ్ళమీద దిగాలి మరి!

ఛౌలో మూడు సంప్రదాయాలున్నాయి. పురూలియా ముఖాలకు పెద్ద కిరీటాల ఆర్భాటం; సెరాయికెలా ముఖాలు సాదాగా, ప్రశాంతంగా వుంటాయి. మయూర్‌భంజ్‌లో అసలు ముఖాలే కట్టరు. “మయూర్‌భంజ్ నర్తకుడి పాత ముఖం” అని ఎవరైనా అమ్మజూపితే ఇక వెనుకవైపు చూడనక్కర లేదు.

మరి గోడకు తగిలించే చిన్న ముఖాలు నకిలీవేనా? కావు. ఆటలు ఏడాది పొడవునా సాగవు. మిగతా రోజుల్లో ఆ చేతులకు పని కల్పించేవి ఈ చిన్న ముఖాలే. కళ్ళకు రంధ్రాలు లేకపోయినా, ఆ అరుగుల మీద తయారైనది చడిదా ముఖమే. అచ్చులో పోసిన ప్లాస్టిక్కుకు ఆ ఊరి పేరు తగిలిస్తేనే మోసం. అందులో మనకు పోయేది కొద్ది రూపాయలే; ఎండలో కూర్చుని కాగితం అంటిస్తున్న ఆ మనిషికి మాత్రం ఒక పూట కూలి పోతుంది.