పది లెక్కపెట్టేలోపు

కారులో పెట్టుకునే మంటలార్పే సిలిండర్ పనిచేసేది కొన్ని సెకన్లే. ఈ సంగతి నాకు అగ్నిమాపక వారోత్సవాల్లో తెలిసింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు ప్రాణాలర్పించిన అగ్నిమాపక సిబ్బంది స్మృతిగా వీటిని ఏటా ఆ తేదీ నుంచి వారం రోజులు జరుపుతారు.

అక్కడి ప్రదర్శనలో రేకు తొట్టిలో డీజిల్ మండుతోంది. ఫైర్‌మ్యాన్ పిన్ను లాగి, మంట మొదలుకు గురిపెట్టి, అటూ ఇటూ ఊపుతూ పొడి చల్లాడు. మంట చప్పున ఆరిపోయింది. తర్వాత మళ్లీ మంట వెలిగిస్తే, ఒక కుర్రాడు ఎగసే నాలుకల మీద పొడి కొట్టాడు. పది లెక్కపెట్టేలోపు కిలో సిలిండర్ ఖాళీ. మంట మాత్రం అలాగే ఉంది.

అప్పటినుంచి సిలిండర్‌ను ధర చూసి కాదు, ఆ కొద్ది సెకన్లు ఎలా అక్కరకొస్తాయో చూసి ఎంచుకోవాలని గట్టిగా నమ్ముతున్నాను. కారులో సీటు గుడ్డ కాలొచ్చు, పెట్రోలు అంటుకోవచ్చు, సీఎన్‌జీ లీకై మండొచ్చు. ఈ మూడింటికీ పనికొచ్చేది ఏబీసీ పొడి. కార్బన్ డయాక్సైడ్ అయితే ఆరుబయట గాలికి చెదిరిపోతుంది, మూసిన కారులో మనకే ఊపిరాడదు. ఐఎస్‌ఐ గుర్తు, దానిపైన ఐఎస్ 15683 అన్న సంఖ్య, ప్రెజర్ ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉండటం చూసుకోవాలి. చోటుంటే రెండు కిలోలది మేలు.

ఎక్కడ పెడతామన్నదీ అంతే ముఖ్యం. డిక్కీలో సామాన్ల కింద ఉన్నది సమయానికి చేతికందదు. సీటు కింద ఊరికే పడేస్తే దొర్లి బ్రేకు పెడల్ కిందికి చేరుతుంది. ముందు సీటు దగ్గర ఇనుప క్లాంపుతో బిగించాలి. మన ఎండలకు మూసిన కారు కొలిమే కాబట్టి ఎంత వేడిని తట్టుకుంటుందో లేబుల్ మీద చదవాలి, నెలకోసారి ముల్లు చూడాలి.

బానెట్‌లోంచి పొగ వస్తే ఇంజన్ ఆపి, ముందు అందరినీ దింపేయాలి. బానెట్ పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట భగ్గుమంటుంది. కొద్దిగా సందు చేసి అందులోంచే కొట్టాలి. మంట పెద్దదైనా, ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ అంటుకున్నా ఆ సిలిండర్ చాలదు. దూరంగా వెళ్లి 101కి ఫోన్ చేయడమే దారి.

సిలిండర్ కొన్న రోజే ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరి చేతికీ ఇచ్చి, పిన్ను ఎక్కడుందో, ఎక్కడ గురిపెట్టాలో చూపించండి.